తువ్వాల గుంపు

కొత్తచెరువు పక్క పల్లెలో రంగప్ప అని ఒకాయన ఉండేవాడు. మూతి విరవడానికి ఆయన పెట్టింది పేరు. ఎవరైనా తన కొడుక్కి పట్నంలో గుమాస్తా పని దొరికిందని సంబరంగా చెప్పుకుంటే చాలు, "అంటే పొద్దస్తమానం ఒకని ముందర చేతులు కట్టుకోని నిలబడల్ల, అంతేగదప్పా" అని ఆ సంబరం కాస్తా నీరుగార్చేవాడు. రైల్వే గ్యాంగు పనికి పోయినవాణ్ణి చూసి నవ్వాడు. ధర్మవరంలో గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేసేవాణ్ణి చూసి నవ్వాడు. బడి అయ్యవారిని చూసి మరీ నవ్వాడు. ఆయన లెక్కలో భూమి ఉన్నవాడే మనిషి, తక్కినవాళ్ళంతా ఆ మనిషికి పనిచేయడానికి పుట్టినవాళ్ళు. పోనీ ఆయనగారి భూమి ఏపాటిదయ్యా అంటే, బావి కింద కాస్త తడి, రోడ్డు పక్కన ఒక మెట్టచేను. తాత ముత్తాతలు ఆ మెట్టలో వేరుసెనగ వేసుకుని, ఆ తడిలో రాగులు పండించుకుని తిన్నారు, అంతే. నడక చూస్తే మాత్రం, మైసూరు మహారాజు కూడా అంత డాబుగా నడిచి ఉండడు.

అలాంటి రంగప్ప నెత్తిన పంతొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం వచ్చి పడింది. అంతకు ముందు రెండేళ్ళూ వానలు మొహం చాటేశాయి. బావిలో నీళ్ళు పోయి అడుగు బండ తేలింది. చాలదన్నట్టు ఆ ఉగాది ముందు ధరలు కుప్పకూలాయి. ఎక్కడో సముద్రాల అవతల ఏదో యుద్ధం మెత్తబడిందట. అక్కడ అది మెత్తబడితే ఇక్కడ హిందూపురం మండీల్లో బెల్లాన్ని, వేరుసెనగను అడిగే నాథుడు లేకుండా పోయాడు. నూనె మిల్లులు తలుపులు బిగించుకున్నాయి. ధర్మవరంలో మగ్గాలు ఆగిపోయాయి. కూలికి పోదామన్నా పిలిచేవాడు లేడు. ఊరంతా అదే గోడు, రంగప్ప ఒక్కడికే ముంచుకొచ్చింది కాదు. తేడా ఏమిటంటే, మిగతావాళ్ళు కష్టంగా ఉందని నోరు తెరిచి అన్నారు. రంగప్ప అనలేదు. గడ్డి లేక కొట్టం కప్పు మీది బోద పీకి ఎద్దులకు వేస్తూ, కప్పు పాతబడింది, ఈ ఏడు కొత్తగా కప్పిస్తానని దారిన పోయేవాళ్ళకు చెప్పాడు. ఎద్దులు ఆ పాత కప్పును నములుతూనే ఉన్నాయి.

ఇంట్లో మాత్రం గొప్పలు చెల్లవు. ఇంట్లో నారాయణమ్మ ఉంది, ఆయన భార్య. ఇద్దరు పిల్లలున్నారు, రంగప్ప తల్లి ముసలవ్వ ఉంది. గాదెలో రాగులు అడుగంటాయి. అటక మీద మిగిలినవి రెండు గోతాల వేరుసెనగ కాయలు. అవి తిండికి కాదు, విత్తనానికి. రోడ్డు పక్క మెట్టచేనుకు సరిగ్గా సరిపోయే విత్తనం. పిల్లలు అటక వైపు చూడటం మొదలుపెట్టాక నారాయణమ్మ ఒక పొద్దున మొగుణ్ణి నిలబెట్టి మాట్లాడింది.

"ఇత్తనం బుడ్డలు ముట్టేది లేదు. అవి తింటే రేపు వాన పడినా మనం గట్టు మీద కూకోని ఆకాశం చూడాల్సిందే. నువ్వు యాడికైనా పోయి పని చూడు. రాగులో జొన్నలో ఏదో ఒగటి ఇంటికి చేర్చు. అంతదాకా నేను ఎట్లో ఒగట్ల నెట్టుకొస్తా."

"చూసొస్తాలే," అన్నాడు రంగప్ప. పని అనే మాట మటుకు ఆయన నోటికి రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. కాస్త భూమి ఉన్నవాడు బంధువు దగ్గరికి పోయి నాకు పని ఇప్పించు అని అడగకూడదు. మంచి బట్టలు కట్టుకుని, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని, ఊరికే పలకరించడానికి వచ్చినట్టు రావాలి. కూర్చోవాలి, తినాలి, ఊరి సంగతులు చెప్పాలి. వీడికి ఇబ్బందిగా ఉన్నట్టుందే అని ఆ బంధువు తనంతట తాను కనిపెట్టి, మా దగ్గర ఒక మనిషి కావాలి, నువ్వుంటే మాకు ధైర్యం అని బతిమాలాలి. అప్పుడు వీడు కాసేపు బెట్టు చేసి ఒప్పుకోవాలి. మంచి రోజుల్లో ఈ నాటకం నడిచేదేమో. కరువులో కూడా నడుస్తుందనుకున్నాడు చూడండి, అదీ రంగప్ప తెలివి.

పెళ్ళినాటి నల్లకోటు తొడిగాడు. జరీ అంచు పంచె కట్టాడు. తలకు రుమాలు చుట్టాడు. ఉట్టి చేతులతో పోతే బాగుండదని ఇంట్లో ఉన్న చింతపండంతా మూట కట్టించుకున్నాడు. నారాయణమ్మ పళ్ళు బిగబట్టి కట్టి ఇచ్చింది. యాడికని అడిగినవాళ్ళకల్లా నాలుగు దినాలు బంధువుల్ని పలకరించి వస్తానని చెప్పి బయలుదేరాడు.

మొదట హిందూపురం పోయాడు. అక్కడ గంగాధరప్ప ఉన్నాడు, నారాయణమ్మకు సొంత మేనమామ, బెల్లం మండీ యజమాని. ఒక చేత నస్యం డబ్బీ, ఒక చేత తాళాల గుత్తి, నోట సగం తెలుగు సగం కన్నడం. రంగప్పను చూడగానే "బా బా అల్లుడా" అని ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిప్పించాడు. ఆ పూట ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేశారు, నెయ్యి వేశారు. రంగప్ప తింటూ మామ నోటి వైపే చూస్తున్నాడు, ఎప్పుడు బతిమాలుతాడా అని. మామ అల్లుడి నోటి వైపే చూస్తున్నాడు. వ్యాపారం ఎట్లుందని అల్లుడు అడిగితే, దివ్యంగా ఉందని మామ చెప్పాడు. బావి ఎట్లుందని మామ అడిగితే, ఊరుతూనే ఉందని అల్లుడు చెప్పాడు. మండీలో బెల్లం వాసన తప్ప బెల్లం లేదు. గోదాము తాళం తీయనే లేదు. మూటలు మోసేవాళ్ళు అరుగు మీద కూర్చుని పేలు చూసుకుంటున్నారు. వాళ్ళను చూసి రంగప్ప అలవాటు చొప్పున మూతి విరిచాడు.

మూడు రోజులు గడిచాయి. మూడో రోజు అత్త వడ్డించేటప్పుడు గరిటె అడుగు గీకిన చప్పుడు వినపడింది. అయినా ఇద్దరు మగమహారాజులూ బయటపడలేదు. చివరికి అల్లుడు ఇంటికి వస్తే బట్టలు పెట్టి పంపాలి కాబట్టి, గంగాధరప్ప తాంబూలంలో ఒక పంచె పెట్టి చేతికిచ్చాడు. పని కోసం పోయినవాడు పంచె పట్టుకుని రైలెక్కాడు. ఆ పంచె ఇంట్లోని చివరి కొత్త బట్ట అని అత్తకు తెలుసు గానీ ఆవిడ చెప్పలేదు.

రైలు పెనుకొండ దగ్గర ఆగింది. కోట గోడ కింద రోడ్డు పని సాగుతోంది. సర్కారు పెట్టిన కరువు పని. వందల మంది వరసగా కూర్చుని కంకర కొడుతున్నారు, ఆడవాళ్ళు గంపలు మోస్తున్నారు. కిటికీలోంచి చూసి, ఇంతకన్నా ఉరేసుకోవడం మేలు అని రంగప్ప పక్కవాడితో అన్నాడు. పక్కవాడు అక్కడే దిగి, మూటలోంచి సుత్తి తీసుకుని ఆ వరస వైపు పోయాడు.

ధర్మవరంలో ఆదినారాయణ అనే పట్టుచీరల వ్యాపారి ఉన్నాడు. మంచి మనిషి. రంగప్ప ఇంట్లో మూడు తరాల పెళ్ళిచీరలు ఆయన కొట్టువే. అక్కడైతే బంధుత్వం అడ్డం రాదు, గుమాస్తాగా పెట్టుకోమని అడగొచ్చునని రంగప్ప ధైర్యం చేసుకున్నాడు. రైలు దిగిన దగ్గర్నుంచీ ఆ ఒక్క ముక్కే నెమరు వేసుకుంటూ నడిచాడు. ఆదినారాయణా, నీ కొట్లో నాకు ఒక పని చూడు. అంతే కదా, ఏముంది అందులో.

కోటూ జరీ పంచే రుమాలూ ఆ వీధిలోకి వచ్చేసరికి వీధి లేచి కూర్చుంది. నెలల తరబడి ఆ కొట్టు గడప ఎవరూ తొక్కలేదు మరి. ఆదినారాయణ నిద్రలోంచి ఉలిక్కిపడ్డట్టు లేచి, తెల్లపరుపు దులిపి వేసి, రండి రండి అని చేతులు పట్టుకుని కూర్చోబెట్టాడు. పక్కింటికి కాఫీకి మనిషిని పంపాడు. రంగప్ప నోరు తెరిచే లోపల బీరువా తెరిచాడు. ఒక చీర, రెండు చీరలు, పది చీరలు, మడతలు విప్పి గుప్పించాడు. బేరం వచ్చిందన్న మాట ఎట్లా పాకిందో ఏమో, నేతగాళ్ళు ఒకరొకరే వచ్చి గడప బయట నిలబడ్డారు. అది నేను నేసిందే అన్నట్టు ఒక ముసలాయన ఒక చీర వైపే కన్నార్పకుండా చూస్తున్నాడు. చీర ఒకటి అమ్ముడుపోతే మళ్ళీ ఒక మగ్గం కదులుతుంది, వాళ్ళ ఆశంతా అదే.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. అంత మంది ముందు, పరుపు మీద కూర్చోబెట్టినవాడితో, నేను కొనడానికి రాలేదు, నీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడటానికి వచ్చాను అనడానికి నోరు పెగల్లేదు. నోరు పెగలనివాడు ఊరుకోవచ్చు కదా. ఊరుకోడు. చీరలు వేళ్ళతో నలిపి చూశాడు. జరీ మునుపటంత మెరవడం లేదన్నాడు. అంచు పల్చనన్నాడు. ముసలాయన చీర చేతికి తీసుకుని, రంగు దిగేటట్టుందే అని పక్కన పడేశాడు. ఇంటిదాన్ని తీసుకుని మళ్ళీ వస్తానని లేచాడు. ఆదినారాయణ నవ్వు మొహంతోనే చీరలు మళ్ళీ మడతలు పెట్టాడు. ముసలాయన మాత్రం ఆ పడేసిన చీరను తీసి దులిపి, రంగప్ప మొహంలోకి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు.

ఆ చూపుకు రంగప్ప స్టేషను దాకా తలెత్తలేదు. సిగ్గేసింది, నిజంగానే వేసింది. కానీ ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోతాడు? చింతపండు మూట పోయి పంచె వచ్చింది, అదీ ఇంతవరకు జరిగిన సంపాదన. అటక మీది గోతాలు గుర్తొచ్చాయి. ఇక మిగిలింది పెనుకొండ. అక్కడ తనకు బంధువులు లేరు, తెలిసినవాళ్ళు లేరు. అదే ఆ ఊరిలో ఆయనకు నచ్చిన గుణం. కోటూ జరీ పంచే మూట కట్టేశాడు. తువ్వాలను కళ్ళు తప్ప మొహమంతా కప్పేలా చుట్టుకున్నాడు. దుమ్ముకు కట్టుకున్నానని చెప్పొచ్చు కదా అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

పనికి మేస్త్రి యోహాను. రంగప్ప ఊళ్ళో అయితే యోహాను లాంటివాళ్ళు పెద్దకులాల పంచలోకి రాకూడదు, చెప్పులు చేతపట్టుకుని వీధి దాటాలి. ఆ నియమం గురించి రంగప్పకు ఏనాడూ ఏ అనుమానమూ రాలేదు. ఇప్పుడు యోహాను రాయి మీద కూర్చుని ఉంటే, రంగప్ప వాడి ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎందుకు విడిచాడో ఆయనకే తెలియదు. పేరు లింగప్ప అనీ, ఊరు మడకశిర పక్క అనీ చెప్పాడు. మడకశిర అనగానే, ఆ పక్కవాళ్ళది కన్నడం కాబట్టి, యోహాను కన్నడంలో ఏదో అడిగాడు. రంగప్పకు ఒక్క ముక్క అర్థం కాలేదు. యోహాను నవ్వలేదు, కోప్పడలేదు. ఇలాంటి లింగప్పలు రోజుకు ఎంతమంది వస్తున్నారో.

"మొగానికి తువ్వాల కట్టుకున్నోళ్ళంతా ఆ పక్కనప్పా," అని గుట్ట వైపు చూపించాడు. "ఆడ వేరే గుంపు ఉండాది."

చూస్తే నిజమే. గుట్ట కింద ఒక గుంపు గుంపే మొహాలు కప్పుకుని కంకర కొడుతోంది. అందరూ తనలాంటి మారాజులే. చుట్టుపక్కల ప్రతి ఊరివాడూ తనకు తెలిసినవాళ్ళు పెనుకొండలో ఉండరనుకున్నాడు. అందరూ ఇక్కడికే వచ్చి చచ్చారు. పైగా ఆ గుంపులో కూలికి వచ్చినవాడు ఒక్కడు లేడు. ఒకాయన మొక్కుబడి ఉండి రాళ్ళు కొడుతున్నానన్నాడు. ఇంకొకాయనకు ఒళ్ళు తగ్గాలని డాక్టరు చెప్పాడట. రంగప్ప తన పాలేర్లను పంపే ముందు పని ఎట్లుందో చూడటానికి వచ్చానన్నాడు. సుత్తులు పడుతూనే ఉన్నాయి, కబుర్లు నడుస్తూనే ఉన్నాయి. తువ్వాల కట్టని అసలు కూలివాళ్ళు అవతలి వరస నుంచి ఇవి విని పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు.

పని జతలు జతలుగా ఇచ్చారు. నాలుగైదు రోజులకు రంగప్పకు జతగా వచ్చిన మనిషి కాస్త వయసు మళ్ళినవాడు. గంట గంటకూ తువ్వాల కింద చేయి దూర్చి ఏదో పీల్చి, ఒళ్ళదిరేటట్టు తుమ్మేవాడు. మొదటి తుమ్ముకే రంగప్పకు తెలిసిపోయింది. గంగాధరప్ప. మండీ యజమాని, తాళాల గుత్తి, ఓళిగలు పెట్టిన మామ. దివాలా తీసి, ఐపీ పెట్టి హిందూపురం విడిచి వచ్చేశాడన్నమాట. రంగప్ప ఉలిక్కిపడి సుత్తి వేలి మీద కొట్టుకుని "అమ్మా" అన్నాడు. ఆ గొంతు మామకు కూడా తెలిసిపోయింది. ఇద్దరూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకున్నారు. తర్వాత ఏం చేశారంటారా? ఏ ఊరప్పా మనది అని ఒకరినొకరు పరిచయం చేసుకున్నారు.

అదీ వాళ్ళ పరువు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, కొత్తచెరువు పక్కన మాకొక అల్లుడున్నాడు, వాని బావి ఎండాకాలంలో కూడా పొర్లుతుంది అని గంగాధరప్ప చెప్పేవాడు. హిందూపురంలో నా పెళ్ళానికి మేనమామ ఒకాయన ఉన్నాడు, ఆయన గోదాములో బెల్లం దింపడానికి చోటు చాలదు అని రంగప్ప చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఇద్దరికీ అదే నిజమేమో అన్నంత బాగుండేది. మధ్యాహ్నం అందరూ గంజి బానల దగ్గర వరసగా కూర్చుంటే ఈ గుంపు కూర్చోదు. కూర్చుంటే తువ్వాల తీయాలి కదా. ఊళ్ళోకి నడిచిపోయి, కాఫీ హోటలు వెనక గదిలో, చేతికొచ్చిన కూలి దుడ్లు పోసి తినేవాళ్ళు.

కూలిలో దుడ్లు సగమే. మిగతా సగం గింజలు. ఆ గింజలు ఎర్రజొన్న. ఎక్కడో పరాయి దేశం నుంచి ఓడలకెత్తి పంపిన సరుకు. మన జొన్న తెల్లగా ఉంటుంది, ఇది ఇటుకపొడి రంగు. వండితే ఇల్లంతా అదో వాసన. కరువు పనిలో తప్ప ఇంకెక్కడా దొరకదని రంగప్ప లెక్క. ఆ గింజ ఇంటికి చేరిందంటే, ఈ ఇంటివాడు కంకర కొట్టాడని దండోరా వేసినట్టే. కాబట్టి రంగప్ప పంపలేదు. తను ఉంటున్న చోట, నల్లమ్మ అనే ముసలామె ఇంటి అరుగు మూలన, ఒక గోతంలో పోస్తూ వచ్చాడు. తెల్లజొన్నకు మార్చుకుందామని ఒక కోమటిని అడిగాడు. ఆ కోమటి నవ్వి, మా ఇంట్లోనూ అదే వండుతున్నామప్పా అన్నాడు. ఇక ఏదో ఒక దారి దొరుకుతుందిలే అని రంగప్ప ఊరుకున్నాడు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. గోతం నిండుతోంది, దారి దొరకలేదు. ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతోందని ఆలోచించాడా అంటే, ఆలోచించాడు. పొద్దున సుత్తి పట్టుకున్నప్పుడు ఆలోచన వచ్చేది, ఆ ఎర్ర రంగు తలచుకోగానే పోయేది. నారాయణమ్మ గట్టిది, ఎట్లో ఒగట్ల నెట్టుకొస్తుందిలే అనుకునేవాడు. నెట్టుకొచ్చే మనిషి ఇంట్లో ఉంటే ఇలాంటివాళ్ళకు ఎంత హాయో.

ఒకరోజు పొద్దున కొత్త ఆడకూలీలు వచ్చారు. ఒక పల్లె నుంచి నలుగురైదుగురు కలిసి నడిచి వచ్చారు. రంగప్ప తల ఎత్తి చూసి సుత్తి జారవిడిచాడు. తన ఊరివాళ్ళే. ముందర నారాయణమ్మ.

ఆమె మొహానికి ఏ గుడ్డా లేదు. కొంగు నడుముకు బిగించి, గంప చంకన పెట్టుకుని, యోహాను ముందు నిలబడింది. పేరు అడిగితే అందరికీ వినపడేటట్టు చెప్పింది. మొగుడి పేరు చెప్పింది, ఊరి పేరు చెప్పింది. మొగుడు యాడికి పోయినాడమ్మా అని యోహాను అడిగాడు.

"బంధువుల్ని పలకరించనీకి పోయినాడు," అంది. "శానా మంది ఉండారు మాకు బంధువులు. ఇంగా అయిపోలేదు."

కూలివాళ్ళు గొల్లుమన్నారు. రంగప్ప తువ్వాలను కళ్ళ మీదికి లాక్కున్నాడు. గంగాధరప్ప మేనకోడలి గొంతు విని, నస్యం డబ్బీ కూడా మరిచిపోయి, వీపు తిప్పి కూర్చున్నాడు.

కంకర గుంపులు కొట్టిన రాళ్ళను ఆడవాళ్ళు గంపలకెత్తుకుని రోడ్డుకు మోయాలి. నిండిన గంప ఒక్కతే నెత్తికి ఎత్తుకోలేదు. కొట్టినవాడు లేచి ఒక చేయి వేయాలి, అది అక్కడి పద్ధతి. నారాయణమ్మ వంతు వచ్చేసరికి రంగప్ప కుప్ప ముందే వచ్చి నిలబడింది. గంప నింపింది. ఆయన లేవక తప్పలేదు. వంగి గంప పట్టుకుని ఎత్తాడు. రెండు మొహాల మధ్య జానెడు దూరం ఉంది. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషికి కళ్ళు చాలవా? పాదాలు చాలవా? ఆమె చూసింది. నిదానంగా, కళ్ళనుంచి కాళ్ళదాకా చూసింది. ఆమె బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి, చేతుల్లో గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. రంగప్పకు ఆ క్షణంలో ఏడుపొచ్చింది.

"తువ్వాల జారుతాండాదప్పా," అంది, పరాయి మగవాడితో మాట్లాడినట్టు మర్యాదగా. "బిగించి కట్టుకో."

గంప నెత్తిన పెట్టుకుని పోయింది. ఆ రోజంతా అదే కుప్ప దగ్గరికి వచ్చింది, అదే చేయి వేయించుకుంది, ఇంకొక్క మాట మాట్లాడలేదు. తిట్టుతుందేమోనని ప్రతి గంపకూ రంగప్ప ఎదురు చూశాడు. ధర్మవరంలో ముసలాయన కూడా ఇట్లాగే తిట్టలేదు.

సాయంత్రం పని విడిచాక ఆయన ఆమె వెంట నడిచాడు. ఊరి ఆడవాళ్ళు ముందు పోయేదాకా ఆగి, చెట్టుచాటున తువ్వాల దించి, నారాయణమ్మను నల్లమ్మ అరుగు దగ్గరికి తీసుకుపోయాడు. మూలనున్న గోతం మూతి విప్పి చూపించాడు. చూపించేటప్పుడు, పాపం, కొంచెం గర్వంగానే ఉన్నాడు. నిండా గింజలు. ఇదంతా మనింటికేనన్నాడు.

నారాయణమ్మ చేయి పెట్టి గింజలు తీసి చూసింది. అడుగువి పురుగు పట్టాయి.

"ఎప్పటి నుంచి ఉండాది ఇది ఈడ?"

వచ్చిన మొదటి వారం నుంచీ కూడబెడుతున్నానని చెప్పాడు. పంపాలనే అనుకున్నాను, ఎర్రగా ఉంది కదా, ఊళ్ళో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని ఆగానన్నాడు. చెబుతుంటే ఆ మాటలు ఆయన చెవులకే అసహ్యంగా వినిపించాయి. అయినా చివరిదాకా చెప్పాడు.

ఆమె గింజలు మళ్ళీ గోతంలోకే వదిలింది.

"ఒగ గోతం ఇప్పేసినా," అంది. "సిన్నోనికి జరమొచ్చె. అవ్వ కండ్లు తిరిగి పడిపాయ. ఈ పొద్దు పంపిస్తావు, రేపు పంపిస్తావు అని దోవ చూసి చూసి ఇప్పేసినా. కొన్ని రాగులకు మార్చితి, కొన్ని ఉడకేసుకోని తింటిమి. అంతా అయిపాయ. రెండోదానికి చెయ్యి పోతాండాదని, దాన్ని అవ్వకు అప్పజెప్పి ఈడికొచ్చినా."

రంగప్ప అరుగు మీద కూలబడ్డాడు.

"నువ్వు ఈడ ఎర్రజొన్నకు కావిలి కూకున్నావు," అంది నారాయణమ్మ. "ఆడ నేను ఇత్తనం ఉడకేస్తాండా."

గోతంలోంచి పురుగు పట్టని గింజలు వేరుచేయడానికి చాట అడిగి తెచ్చుకుని అరుగు మీదే కూర్చుంది.

మరునాడు రంగప్ప తువ్వాల లేకుండా పనికి వచ్చాడు. యోహాను ఆయన్ను అవతలి వరసకు మార్చాడు. గంగాధరప్ప అది చూసి తుమ్మి, తన తువ్వాలకు ఇంకో ముడి వేసుకున్నాడు. రంగప్ప కొత్త వరసలో అందరితో పాటు కూర్చుని గంజి తాగాడు. ఎవరూ ఆయన్ను చూడలేదు. చూడటానికి అక్కడ ఎవరికీ తీరిక లేదని ఆయనకు అప్పుడు తెలిసింది, అదీ కొంచెం కోపంగానే తెలిసింది. ఇన్నాళ్ళూ అంత కష్టపడి దాచిన మొహం ఎవరికీ అక్కర్లేదని తెలిస్తే ఎవరికి మాత్రం కోపం రాదు?

ఆ మరుసటి తెల్లవారుజామున, పిల్లల కోసం గింజలు తీసుకుని ఇద్దరూ ఊరికి బయలుదేరారు. పెద్ద మూట ఆయన నెత్తిన, చిన్న మూట ఆమె నెత్తిన. పొద్దు నడినెత్తిన ఉండగా, అందరూ మేలుకుని ఉండగా, ఊళ్ళోకి నడిచారు. మూట చిరుగులోంచి ఎర్రగింజలు రాలుతున్నాయి. ఎవరు ఏమంటారోనని రంగప్ప అడుగడుగుకూ ఇళ్ళ వైపు చూశాడు. తీరా చూస్తే, ఏ ఇంటి ముందు చూసినా చాటలో ఎర్రజొన్నే. ఏ పొయ్యి మీద చూసినా ఆ వాసనే. బడి అయ్యవారి భార్య అరుగు మీద కూర్చుని అవే చెరుగుతోంది. రంగప్ప మూటను ఎవరూ రెండోసారి చూడలేదు. ఊళ్ళో అంతవరకూ ఆ గింజ ముట్టని ఇల్లు ఒక్కటే ఉంది, అది వాళ్ళదే.

ఆ ఏడు వాన పడింది. ఎప్పుడూ మోసం చేసే వాన, చేతిలో సగం విత్తనం ఉన్న ఏడు చూసి మరీ, అదును తప్పకుండా పడింది. బక్కచిక్కిన ఎద్దులతోనే రంగప్ప గుంటక తోలాడు. ఉన్న ఒక్క గోతం కాయలు ఒలిచి విత్తారు. మెట్టచేను సగానికి వచ్చేసరికి గింజలైపోయాయి. అప్పు విత్తనం అడుగుదామంటే ఎవరి దగ్గరా మిగల్లేదు. మిగతా సగం అట్లాగే ఉండిపోయింది. ఆ చేను రోడ్డు పక్కనే. ఈ సగం పచ్చగా మొలిచి పూతకొచ్చింది, ఆ సగం ఎర్రమట్టి, మధ్యలో గీత గీసినట్టు. పుట్టపర్తి దారిన పోయే ప్రతి బండీ దాని పక్కనుంచే పోవాలి.

కలుపు తీస్తున్న రోజు, కొత్తచెరువు నుంచి వస్తున్న ఒక రైతు బండి ఆపాడు. పదునైన వాన పడితే ఆ సగం ఎందుకు ఇడిసిపెట్టినావు రంగప్పా అని గట్టు మీంచి అడిగాడు. మామూలుగానే అడిగాడు, ఎగతాళి ఏమీ లేదు. రంగప్ప నడుము నిలబెట్టాడు. నేలకు ఒక ఏడు విశ్రాంతి ఇస్తే మంచిదని, మాకు అంత తొందర లేదని చెప్పడానికి నోరు తెరిచాడు. మూతి కూడా అలవాటు చొప్పున పక్కకు తిరగబోయింది.

సాలులో వంగి ఉన్న నారాయణమ్మ తల ఎత్తలేదు.

"తింటిమన్నా," అంది. "ఆ సగం తింటిమి."

బండిలోని మనిషి ఎద్దుల్ని అదిలించి పోయాడు. రంగప్ప తెరిచిన నోరు మూసుకుని, ఆ ఖాళీ సగం వైపు వీపు పెట్టి వంగి, పెళ్ళాం పక్క సాలులో కలుపు తీయడం మొదలుపెట్టాడు.